నడవని చోట సంతకం పెట్టొద్దు



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, రైల్వేలో జేఈ పర్మనెంట్ వే అంటే ఏం పని? ఆఫీసులో కూర్చోవడమా, బయట తిరగడమా?" అని. నాలుగు లైన్లలో జవాబు రాసి పంపేద్దాం అనుకున్నా. రాయడం మొదలెట్టాక పని గురించి ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు అనిపించింది. అందుకే పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచి మిగతాది చెప్పడం నాకు ఇష్టం లేదు.

మాది అరకు వైపు కొండల్లో చిన్న ఊరు. ఊరికి పైన కొత్తవలస–కిరండూల్ లైను పోతుంది. మనవాళ్లందరికీ అది కేకే లైను. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఆ పదేళ్లలోనే కొండలు తొలిచి ఈ లైను వేశారు. మొత్తం 58 సొరంగాలు అంటారు. శిమిలిగుడ స్టేషన్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ రోజు టూరిస్టులు అద్దాల బోగీలో కూర్చుని వీడియోలు తీసుకునే దారి అదే. మా తాత ఆ సొరంగాల పనిలో రాళ్లు మోశాడు. కూలి ఎంతిచ్చారో ఆయనకి గుర్తులేదు గానీ మందు పేల్చే ముందు ఊదే ఈల మాత్రం చచ్చేదాకా నోటితో ఊది చూపించేవాడు. తను రాళ్లు మోసిన లైను మీద ఆయన రైలెక్కింది రెండే రెండుసార్లు.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక మా నాన్న పోడు పట్టా కోసం దరఖాస్తు పెట్టాడు. కొలతకి వచ్చినవాళ్లు ఎండగా ఉందని కొండ కిందే ఆగిపోయారు. చింతచెట్టు కింద కూర్చుని, "ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?" అని అడిగి, నాన్న చెయ్యి చూపిస్తే కాగితం మీద రాసుకున్నారు. మేం సాగు చేసేది రెండెకరాల పైన. కాగితంలో ఎకరం కూడా రాలేదు. తర్వాత ఎన్నిసార్లు తిరిగినా ఒకటే మాట: "రికార్డులో ఇంతే ఉంది." నేనప్పుడు ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నా. రికార్డు అనే మాట మా ఇంట్లోకి అలా వచ్చింది.

పది తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశా. జేఈ పరీక్ష రెండోసారికి వచ్చింది. పోస్టింగ్ మా ఊరి లైనులో కాదు, ఇంకో చోట కొండ సెక్షన్‌లో. పేరు రాయను, అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లున్నారు.

ఇక పని సంగతి. తమ్ముడికి జవాబు: బయటే. ఆఫీసు పని రాత్రి ఇంటికొచ్చాక మొదలవుతుంది.

రెండు పట్టాల లోపలి అంచుల మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉండాలి. దీన్ని గేజ్ అంటాం. పట్టాల కింద కాంక్రీటు స్లీపర్లు, వాటి కింద కంకర. కిలోమీటరుకి 1,660 స్లీపర్లు అనుకుంటే, ఒక్కో స్లీపర్‌కి నాలుగు క్లిప్పులు. పట్టాకీ స్లీపర్‌కీ మధ్య రబ్బరు ప్యాడ్, క్లిప్పు కింద లైనర్. ఒక కీమ్యాన్ బీట్ ఆరు కిలోమీటర్లయితే ఆయన రోజూ చూడాల్సిన క్లిప్పులు దాదాపు నలభై వేలు! సుత్తి, స్పానర్, ఎర్రజెండా, పచ్చజెండా, డిటొనేటర్లు భుజాన వేసుకుని ఆయన రోజూ నడుస్తాడు. గ్యాంగ్ వెనకాల పని చేస్తుంది. గ్యాంగ్‌కి పెద్ద మేట్. వీళ్లందరి పని చూసి, కొలిచి, రాసి, సంతకం పెట్టేది జేఈ.

ఇనుము ఊరికే ఉండదు. ఎండకి పెరుగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఒక కిలోమీటరు పట్టాని స్వేచ్ఛగా వదిలేస్తే, పది డిగ్రీల వేడికి పదకొండున్నర సెంటీమీటర్లు పొడుగవుతుంది. కానీ మనం దాన్ని వదలం, క్లిప్పులతో, కంకరతో బిగించి పట్టుకుంటాం. ఆ బలమంతా లోపలే ఉంటుంది. అందుకే మండే మధ్యాహ్నం లైను పక్కకి వంకర తిరుగుతుందేమో అని ఒక పెట్రోలింగ్, చలికాలం తెల్లవారుజామున పట్టా విరుగుతుందేమో అని ఇంకో పెట్రోలింగ్, వానాకాలం రాత్రుళ్లు మరో పెట్రోలింగ్.

వానాకాలం పెట్రోలింగ్ ఎందుకో తెలియాలంటే వలిగొండ గుర్తు చేసుకోవాలి. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వరదకి పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. తెల్లవారుజామున డెల్టా ప్యాసింజర్ వచ్చి అందులో పడింది. వందమందికి పైగా పోయారు. ఈ ఉద్యోగంలో చేరిన ప్రతి తెలుగువాడికీ ఎవరో ఒక సీనియర్ ఆ కథ చెప్తాడు. నీళ్లు ఎటు పోతున్నాయో చూడు, తర్వాత పట్టా చూడు అంటాడు. ఆ పాఠం మనవాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు. గెడ్డలో నీళ్లు మట్టిరంగు తిరిగితే పైన కొండ కదులుతోందని మన ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు.

పట్టా లోపల కంటికి కనపడని పగులుంటే అల్ట్రాసోనిక్ యంత్రంతో పట్టుకుంటారు. లోపం పెద్దదైతే పట్టా మీద ఎర్ర రంగుతో మూడు గుర్తులు వేస్తారు. మార్చేదాకా రైళ్లు నెమ్మదిగా పోవాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొత్త లైను మీద ప్రయాణికుల రైలు నడపాలంటే రైల్వే సేఫ్టీ కమిషనర్ చూసి ఒప్పుకోవాలి. పెద్ద ప్రమాదాల విచారణ కూడా వాళ్లదే. ఆ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. పని చేసేవాడూ తప్పు పట్టేవాడూ ఒకే ఇంట్లో ఉండకూడదని అలా పెట్టారు. చేరిన కొత్తలో నాకిది చదివితే నవ్వొచ్చింది. రైళ్లకీ విమానాలకీ ఏం సంబంధం అనుకున్నా. ఇప్పుడు నవ్వు రాదు.

నా తప్పు దగ్గరికొస్తున్నా.

చేరి పద్నాలుగు నెలలైంది. డిసెంబర్ నెల. మా సెక్షన్‌లో ఒక పదునైన వంపు ఉంది, దాని కొలత నా వంతు. వంపు కొలవడం అంటే, ఇరవై మీటర్ల తాడుని బయటి పట్టాకి రెండు చివరలా ఆనించి లాగి, మధ్యలో తాడుకీ పట్టాకీ ఎంత సందు వచ్చిందో మిల్లీమీటర్లలో చూడాలి. దాన్ని వెర్సైన్ అంటారు. పది మీటర్లు జరిగి మళ్లీ అదే. ప్రతి పాయింటు దగ్గరా గేజ్, రెండు పట్టాల ఎత్తు తేడా, పట్టా అరుగుదల కూడా చూసి రాయాలి. ఆ వంపుకి 42 పాయింట్లు.

ఆ రోజు రైళ్ల మధ్య ఖాళీ తక్కువ దొరికింది. ముప్పై పాయింట్లయ్యేసరికి మంచు దిగింది, పొద్దు పోయింది. మిగిలిన పన్నెండు మర్నాడు పూర్తి చేద్దాం అనుకున్నా. మర్నాడు వేరే పని పడింది. ఆ తర్వాతి రోజు నెలాఖరు, రిజిస్టర్ ఇచ్చేయాలి. ఆ రాత్రి క్వార్టర్‌లో కూర్చుని, పాత కొలతలు ముందు పెట్టుకుని, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ మార్చి, ఆ పన్నెండూ నింపేశా. సంతకం పెట్టా. చెయ్యి వణకలేదు. నిద్ర కూడా బాగానే పట్టింది. నిజం చెప్తున్నా.

ఆ బీట్ కీమ్యాన్‌ని నేను చిన్నాన్నా అని పిలిచేవాణ్ని. ఆయనా మనవాడే, జాతాపు. ముప్పై ఏళ్ల సర్వీసు, రిటైర్మెంట్‌కి ఏడు నెలలుంది. సంతకం తప్ప పెద్దగా రాయడం రాదు. కొలతలకి వెళ్లిన రోజే నాతో అన్నాడు, "బాబూ, ఆ సివర లైనర్లు తినేసినాయి, కొత్తవి పంపించు, ఓసారి ముందుకొచ్చి సూడు" అని. "చూస్తా చిన్నాన్నా" అన్నా. చూడలేదు. ఎక్కడా రాసుకోలేదు కూడా.

తొమ్మిది రోజుల తర్వాత, తెల్లవారుజామున ఫోన్. చిన్నాన్న ఆ చివర పన్నెండు పాయింట్లలోనే బయటి పట్టా జరుగుతోందని గుర్తుపట్టాడు. ముందు పోయిన గూడ్సుకి లైనర్లు నాలుగైదు జారిపోయాయి, వరసగా క్లిప్పులు పట్టు వదిలేశాయి. గేజ్ హద్దు దాటి వెడల్పయింది. తర్వాతి రైలు నిండు లోడు గూడ్సు. ఆయన జెండా పట్టుకుని పరిగెత్తాడు. నిబంధన ప్రకారం 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్, 1,200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. యాభై తొమ్మిదేళ్ల మనిషి, మంచులో, కంకర మీద, కిలోమీటరు పైన పరిగెత్తి అవన్నీ పెట్టాడు. డిటొనేటర్లు పేలాయి, డ్రైవర్ బండి ఆపాడు. ఎవరికీ ఏం కాలేదు.

నేను చేరేసరికి ఆయన కంకర గుట్ట మీద కూర్చుని చుట్ట వెలిగించుకోడానికి చూస్తున్నాడు. చేతులు వణికి అగ్గిపుల్ల అంటుకోవట్లేదు. నేనే వెలిగించా.

ఆ రోజు బ్లాక్ తీసుకుని లైనర్లు, ప్యాడ్లు మార్చాం. రైళ్లకి వేగం తగ్గించాం. సాయంత్రం పెద్ద సార్ రిజిస్టర్ తెరిచి అడిగారు: "తొమ్మిది రోజుల కింద నువ్వు కొలిచావు. అంతా బాగుందని రాశావు. అంటే ఈ తొమ్మిది రోజుల్లోనే ఇంత జరిగింది. రోజూ నడిచే కీమ్యాన్ ఏం చేస్తున్నట్టు?"

నేను రాసిన అబద్ధం ఎవరి మెడకి చుట్టుకుంటుందో అప్పుడు కనపడింది. నా అంకెలు నిజమైతే చిన్నాన్న దొంగ అవుతాడు. రైలు ఆపిన మనిషి మీదే చార్జిషీటు వస్తుంది, రిటైర్మెంట్‌కి ఏడు నెలల ముందు. లైనర్ల సంగతి ఆయన నాకు చెప్పాడన్నది నోటిమాట. నోటిమాట రికార్డులో ఉండదు.

సార్‌కి ఏమీ చెప్పలేదు. నోరు రాలేదు. "రేపు రాసిస్తా సార్" అని వచ్చేశా. బ్యాచ్‌మేట్ ఒకడు సలహా ఇచ్చాడు: "తొమ్మిది రోజుల్లో ఏమైనా అవుద్ది. అలాగే రాసెయ్. లేదంటే ఎస్టీ కోటావాళ్లు ఇంతే అంటారు, నీ ఒక్కడికే కాదు, మీ వాళ్లందరికీ మచ్చ." ఈ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయా. ఎందుకంటే నా భయం కూడా అదే. మన బడిలో, కాలేజీలో, ట్రైనింగ్‌లో మనం మిగతావాళ్ల కంటే రెండింతలు సరిగ్గా ఉండాలి అనుకుంటూ వస్తాం కదా. ఒక్క తప్పు బయటపడితే అది మన పేరు మీద ఉండదు, మన తెగ పేరు మీద ఉంటుంది.

రాత్రి చిన్నాన్న క్వార్టర్‌కి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "బాబూ, ఆ కాయితం మీద నా సంతకం ఎక్కడెట్టాలో సెప్పు, ఎట్టేత్తాను. నాదేటి, అయిపోయిన ఉజ్జోగం. నీది కొత్తది. మనోడొకడు ఆఫీసరయ్యాడని మా ఊర్లో సెప్పుకున్నాను."

ఆయన కోపంగా అని ఉంటే నేను తట్టుకునేవాణ్ని.

ఆయన వెళ్లాక నాన్నకి ఫోన్ చేశా. వెర్సైన్లు, గేజ్‌లు నాన్నకి తెలియవు. ఒక చోటికి వెళ్లకుండానే వెళ్లినట్టు రాశానని చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ ముసలాయనకి పిల్లలెంతమంది?" అని అడిగాడు. "ముగ్గురు, చిన్నదానికి ఇంకా పెళ్లి కాలేదు" అన్నా. "ఊఁ" అన్నాడు. అంతే, పెట్టేశాడు. పోడు సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది. ఆ చింతచెట్టు, దాని కింద కుర్చీ వేసుకుని రాసుకుంటున్న మనిషి రాత్రంతా నా కళ్లముందే ఉన్నారు. ఆ మనిషిని నేను చిన్నప్పట్నుంచి తిట్టుకుంటున్నా. ఆయనకి కూడా ఆ రోజు ఎండే తగిలి ఉంటుంది, నెలాఖరే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే రాసిచ్చా. 31 నుంచి 42 దాకా పాయింట్లు నేను కొలవలేదు, అంకెలు పాతవి చూసి వేశాను, లైనర్ల గురించి కీమ్యాన్ నాకు ముందే చెప్పాడు, నేను పట్టించుకోలేదు. నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లు రాయడానికి మూడు కాగితాలు చింపా.

సార్ తిట్టారు, గట్టిగానే. ఆ వంపు 42 పాయింట్లూ నాతోనే మళ్లీ కొలిపించారు, పక్కన నిలబడి. నాకు ఎస్.ఎఫ్. 11 వచ్చింది, అంటే చిన్న శిక్షకి ఇచ్చే చార్జిషీటు. ఒక ఇంక్రిమెంటు కొంతకాలం ఆగిపోయింది. చిన్నాన్న మీద ఏమీ రాలేదు. ఏడు నెలల తర్వాత దండ వేయించుకుని పెన్షన్‌తో ఇంటికెళ్లాడు. కోటా మాట కూడా వచ్చింది, నా వెనకాల కాదు, నాకు వినపడేలాగే. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ రోజు తప్పు నాదే. కానీ ఒక్కటి చెప్తా. నేను చూసి కాపీ కొట్టిన పాత అంకెలున్నాయి కదా, మళ్లీ కొలిచినప్పుడు అవి కూడా చాలా చోట్ల కలవలేదు. బయటి పట్టా అరుగుదల తొమ్మిది రోజుల్లో వచ్చేది కాదు. ఆ పాత సంతకాలు ఏ కోటావాళ్లవో ఎవరూ అడగలేదు.

నేనేదో గొప్ప పని చేశానని రాయట్లేదు. గొప్ప పని చిన్నాన్న చేశాడు. నేను చేసింది తప్పు చేసి ఒప్పుకోవడం, అదీ ఒక రోజు ఆలస్యంగా. ఇంకో రెండు చుక్కలు బలహీనంగా ఉండుంటే ఆ కాగితం మీద ఆయన సంతకం తీసుకునేవాణ్నే.

ఇప్పుడు నా పద్ధతి ఒకటే. కొలవలేకపోతే "కొలవలేదు" అని రాస్తా, ఎందుకో కూడా రాస్తా. మొదట్లో చాలామందికి నచ్చలేదు. ఇప్పుడు అలవాటయ్యింది. గ్యాంగ్‌లో ఎవరు ఏ మాట చెప్పినా, వాళ్ల ముందే చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకుని చదివి వినిపిస్తా. వాళ్ల మాట కూడా రికార్డే కావాలి. మనవాళ్ల తరాలన్నీ నోటిమాట మీదే నడిచాయి, అందుకే రికార్డుల్లో మనం లేం. పెన్ను ఇప్పుడు మన చేతికి వచ్చింది. చేతికొచ్చాక మనం కూడా వాళ్లలాగే చెట్టు కింద కూర్చుని రాస్తే ఇంత చదివి ఏం లాభం?

తయారవుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నాలుగు ముక్కలు:

జేఈ సివిల్‌కి మూడేళ్ల డిప్లొమా చాలు. బీటెక్ ఉన్నా రాయొచ్చు. లెవెల్ 6, మూల వేతనం 35,400. రెండు దశల్లో కంప్యూటర్ పరీక్ష, తెలుగులో కూడా రాయొచ్చు.

ట్రాక్ మెయింటెయినర్ లెవెల్ 1. మూల వేతనం 18,000. రాత పరీక్ష తర్వాత దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది. అబ్బాయిలు 35 కిలోల బరువు దించకుండా రెండు నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి, 1,000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. అమ్మాయిలకి 20 కిలోలు, పరుగు 5 నిమిషాల 40 సెకన్లు. ఒక్కటే అవకాశం. కొండల్లో కట్టెలమోపు మోసినవాళ్లకి ఇది కష్టం కాదు, కానీ సాధన చేయకుండా వెళ్లొద్దు.

ఎస్టీలకి వయసులో 5 ఏళ్ల సడలింపు, 7.5 శాతం రిజర్వేషన్. కుల ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఇప్పుడే తీసిపెట్టుకోండి. రంగులు గుర్తుపట్టే కంటి పరీక్ష ఉంటుంది, ముందే ఒకసారి చూపించుకోండి.

లెవెల్ 1లో చేరితే అక్కడే ఆగిపోతామని భయపడొద్దు. డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి పైకి వచ్చినవాళ్లు మా దగ్గరే ఉన్నారు. చదువు ఆపకండి.

మొన్న సంక్రాంతికి చిన్నాన్న ఊరు వెళ్లా. చిన్నమ్మాయి పెళ్లయిపోయింది. నన్ను వాళ్ల ఊరివాళ్లకి పరిచయం చేస్తూ, "ఈయనే మా ఆఫీసరు" అన్నాడు. భోంచేశాక వాళ్ల జీడితోట చూపిస్తానని కొండెక్కించాడు. అరవై దాటినా నాకంటే ముందు నడుస్తున్నాడు. మధ్యలో ఒక చోట ఆయాసం వచ్చి నేను ఆగితే, వెనక్కి తిరిగి నవ్వాడు. "సివరిదాకా రా బాబూ, ఇంకా ఉంది" అన్నాడు.

వెళ్లా.

ఎవరికైనా పరీక్ష గురించి సందేహాలుంటే అడగండి. డ్యూటీలో ఉంటే జవాబు ఆలస్యం కావచ్చు, కానీ ఇస్తా.

జోహార్.